మిషన్ వాటా

ముందు పోయినవి లెక్కపెడతాను. లెక్కలు చేసి బతికినవాడిని, ఏది చెప్పాలన్నా నాకు అలా మొదలుపెట్టడమే వచ్చు.

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు పోయే దారిలో, ఒక బైండింగ్ షాపు మీదున్న అద్దెగది పోయింది. చేత్తో తిప్పే లెక్కల మిషన్ పోయింది. నలుగురు కూర్చుని చేసే పని ఒకటి పోయింది, దాంతోపాటు ఆ పని పేరు కూడా. శనివారం సాయంత్రం పాత పేపరు పరిచి డబ్బు కుప్పపోసి పంచుకునే పద్ధతి పోయింది. అంకెల్ని తప్పు లేకుండా పైకి చదివే ఒక గొంతు పోయింది. ఒక స్నేహాన్ని ఇందులో రాయాలా వద్దా అని చాలా ఏళ్ళు తేల్చుకోలేదు. ఇప్పుడు అదీ రాసేస్తున్నాను.

ఫోన్ మీద బొటనవేలితో శాతాలు తీసే పిల్లలకు మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. క్యాంపస్‌లో పరిశోధన చేసేవాళ్ళు ఊళ్ళు తిరిగి, ఇంటింటికీ ప్రశ్నలు వేసి, నింపిన కాగితాలు కట్టలు కట్టి మా దగ్గరికి తెచ్చేవాళ్ళు. మూడు వందల ఇళ్ళు, ఇంటికి నలభై ప్రశ్నలు. ఎవరికి భూమి ఉంది, ఎవరికి అప్పుంది, పిల్లలెందరు, పశువులెన్ని. వాటిని పట్టికలుగా దించి, కూడి, సగటులు తీసి ఇచ్చేవాళ్ళం. థీసిస్ చివర ఉండే పట్టికలు అలాంటి గదుల్లోంచి వచ్చేవని క్యాంపస్‌లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. తొంభైల మొదట్లో కూడా ఆ పని చేతిమీదే నడిచేది. యూనివర్సిటీ కంప్యూటరు దగ్గర వంతు రావాలంటే నెలలు పట్టేది.

నలుగురం. పేర్లు వద్దు. గదిలోనూ మేం పేర్లతో పిలుచుకోలేదు, ఎవరి పేట పేరుతో వాళ్ళని పిలిచేవాళ్ళం. ముషీరాబాద్ పెద్దాయన ఒక మిల్లు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి, మిల్లు మూతపడ్డప్పుడు అక్కడి లెక్కల మిషన్‌ని వేలంలో మూడు వందలకు కొనుక్కున్నవాడు. నల్లకుంట ముప్పై ఏళ్ళ బీకాం కుర్రాడు, మా నలుగురిలో చురుకైనవాడు. గోల్నాక అక్క భువనగిరి దిక్కు నుంచి వచ్చింది, పదో తరగతి దాకా చదువుకుంది. అదే మిల్లులో ఆమె భర్తకు పని పోయాక, పెద్దాయన ఆమెను తీసుకొచ్చి మా గదిలో కూర్చోబెట్టాడు. నేను మాత్రం పేటతో కాకుండా ఊరితో ‘అనంతపురం’. యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే మా అన్న ఇంట్లో ఉంటూ, లైబ్రరీ పుస్తకాలు చూసి లెక్కలు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు కాబట్టి ప్రతి లెక్కా రెండుసార్లు చేసే అలవాటు.

అక్క పని చదవడం. ఆమె కాగితం పట్టుకుని అంకెలు పైకి చదివితే మిగతావాళ్ళం పెద్ద షీట్లలో గీతలు పెట్టేవాళ్ళం. “ఇల్లు నూట పన్నెండు. రెండు. నాలుగు. సున్న. ఏడు.” ఒక వరస ఉండేది ఆ చదువులో. నాటు వేసే ఆడవాళ్ళు చెయ్యి ఆపకుండా అనుకునే పాటలాంటిది. వరస ఆగిందంటే తప్పు దొరికినట్టే.

“ఆగుండ్రి. గీ ఇంట్ల మొత్తం ముగ్గురే మనుషులంట, పిల్లలు నలుగురంట. ఎట్ల?”

“ఒకడు ఇంకా పుట్టలేదేమో అక్కా,” అనేవాడు నల్లకుంట.

“రాసినోడు నీ తీరుగ తొందరపడ్డడేమో,” అనేది అక్క.

శనివారం పంపకం ఇలా ఉండేది. వారంలో వచ్చిందంతా పేపరు మీద కుప్ప పోసి అయిదు వాటాలు. మనుషులకు నాలుగు, మిషన్‌కు ఒకటి. మిషన్ వాటా పెద్దాయన చేతికి పోయేది. గది అద్దె, నూనె, రిపేరు అందులోంచే. ఎవరు ఎక్కువ చేశారు, ఎవరు తక్కువ అన్న మాట లేదు. పెద్దాయన కంటి ఆపరేషన్ చేయించుకుని నెల రోజులు రాలేదు, వాటా ఇంటికి పోయింది. ఒకసారి మిషన్ పళ్ళచక్రం విరిగి మూడు వారాలు మూలన పడి ఉంటే, దాని వాటా ఎందుకని నల్లకుంట అడిగాడు.

“మనిషికి జరమొస్తే వాటా ఆపుతమా భాయ్? దానికి గూడ జరమే అనుకో,” అన్నాడు పెద్దాయన.

వారానికి కుప్ప పన్నెండు వందల యాభై రూపాయలు, అటూ ఇటూ. తలా రెండు వందల యాభై. అక్క ఇంట్లో నిలకడగా వచ్చే డబ్బు అదొక్కటే.

ఆ రోజుల్లో ఒక విద్యార్థి నల్లగొండ పల్లెల లెక్కలు తెచ్చాడు. కరెంటు మోటార్లు వచ్చాక ఆ ఊళ్ళలో ఎవరి రాబడి ఎలా మారిందన్నది అతని ప్రశ్న. మోటారున్న రైతు పక్కవాడి పొలానికి నీళ్ళిచ్చి పంటలో మూడో వంతు తీసుకుంటున్నాడు. నీళ్ళొచ్చినందుకు పక్కవాడికీ పంట పెరిగింది. ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు, కానీ ఏటేటా దూరం పెరుగుతోంది. అసమానతను కొలిచే సంఖ్య ఒకటుంది, అది అతని కోసమే నేర్చుకున్నాను. అందరికీ సమానంగా వస్తే సున్నా, అంతా ఒక్కడికే పోతే ఒకటి. ఊరూరికీ ఆ సంఖ్య కట్టి ఇచ్చాం. పట్టికలు చక్కగా కుదిరాయని అతను మాకు ఇరానీ చాయ్ తాగించాడు. ఆ పట్టికలో మా గది కూడా ఒక ఊరేనని అప్పుడు తట్టలేదు.

మరుసటి ఏడాది నల్లకుంట కంప్యూటరు తెచ్చాడు. రిక్షాలో, దుప్పట్లు చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు తానే పట్టుకుని. వారం రోజుల పని అది ఒక మధ్యాహ్నంలో చేసింది. మేం నలుగురం దాని చుట్టూ నిలబడ్డాం. నేను దాని జవాబులన్నీ చేత్తో మళ్ళీ చేసి చూశాను. తప్పు లేదు.

ఆ శనివారం పేపరు పరిచాక ఎవరూ చెయ్యి పెట్టలేదు.

“మిషన్ మిషనే. నా దానికొకటి, దానికొకటి. ఆరు వాటాలు చెయ్యండ్రి,” అన్నాడు పెద్దాయన.

నల్లకుంట తల వంచుకుని అన్నాడు: “పెద్దాయనా, మీది మూడొందల మిషన్. దీనికోసం నేను మా ఇంటామె బంగారమంత బ్యాంకుల వెట్టిన. ఒక్క వాటా వడ్డీకి గూడ సరిపోదు.”

“మరి ఎన్ని కావాలంటావప్పా?” అన్నాను నేను.

“నేనెట్ల చెప్త? మీరే చెప్పుండ్రి.”

చెప్పింది అక్క. “గా కంప్యూటరు ముగ్గురి పని చేస్తున్నదా లేదా? ముగ్గురి కూలి దానికి ఇయ్యాలె. ఎవల కష్టం వాళ్ళకు రావాలె గదనే. ఒకల కూలి కొట్టేసుడు పాపం.”

అందరికీ నచ్చింది. న్యాయంగా ఉంది కూడా. ఆ రాత్రి ఇంటికి పోతూ మేమెంత ధర్మంగా పంచుకున్నామో అని గర్వపడ్డాను. మా గదిలో అంతవరకూ వాటా మనిషికే ఉండేది, పనికి కాదు. పెద్దాయన కన్నుకు కట్టు కట్టుకుని పడుకున్న నెలలో ఏం పని చేశాడు? ‘చేసిన పనికి తగ్గ వాటా’ అన్న మాట మా గుమ్మం దాటి లోపలికొచ్చింది ఆ శనివారమే. అదీ మాలో అందరికన్నా పాపభీతి ఉన్న మనిషి నోటివెంట.

మనుషులకు నాలుగు, చేతిమిషన్‌కు ఒకటి, కంప్యూటరుకు మూడు. ఎనిమిది వాటాలు.

కంప్యూటరు ఉందని తెలిశాక అమెరికా పని వచ్చింది. సికింద్రాబాద్‌లో అద్దాల మేడలో ఒక ఆఫీసు, దానికి అక్కడి కంపెనీతో ఒప్పందం. దుకాణాల్లో సరుకులు కొనేవాళ్ళు నింపిన కాగితాలు ఫోటోలుగా వచ్చేవి. మేం వాటిని అంకెలుగా కొట్టి ఇస్తే, తెల్లారేలోగా తీగ మీద వెనక్కి పోయేవి. వెయ్యి అక్షరాలకింత అని కూలి. అక్క అచ్చుతీసిన కాగితాలు చదివేది, మేం సరిచూసేవాళ్ళం.

“ఇల్లు అరవై మూడు. మనుషులు ఇద్దరు. పిల్లులు రెండు. పిల్లుల తిండికి నెలకు నలభై,” అని ఆగింది ఒకరోజు. “నలభై ఏందిది?”

“డాలర్లు అక్కా.”

“మన పైసలల్ల?”

“పధ్నాలుగు వందలు.”

అక్క తన నెల వాటాను మనసులో కూడుకుందని నాకు తెలిసింది, ఎందుకంటే నేనూ అదే చేశాను. అప్పటికి వారానికి మూడు వందల యాభై, అంటే నెలకు పధ్నాలుగు వందలే.

“నేను, రెండు పిల్లులు సరిసమానం,” అంది అక్క. “నడువనియ్యి. ఇల్లు అరవై నాలుగు.”

పగలబడి నవ్వాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆమే.

నవ్వడానికి కారణం ఉంది. కుప్ప పెరిగింది. ఇరవై ఎనిమిది వందలైంది, ఎనిమిది వాటాలు చేస్తే తలా మూడు వందల యాభై. మునుపటికన్నా వంద ఎక్కువ. నల్లకుంటకు తనదీ మిషన్‌దీ కలిపి పధ్నాలుగు వందలు. ఎవరూ ఆ వైపు చూడలేదు, మన వాటా పెరిగింది కదా. అతను ఇంకో రెండు కంప్యూటర్లు తెచ్చాడు. ఒక్కోదానికి మూడేసి వాటాలు, ఒకసారి ఒప్పుకున్న లెక్కే. మొత్తం పధ్నాలుగు. కుప్ప యాభై ఆరు వందలు. మాకు తలా నాలుగు వందలు, అతనికి నాలుగు వేలు. అక్క ఆ నెల ఇంటి రేకులు మార్పించింది.

ఆ తర్వాత వెయ్యి అక్షరాల కూలి సగానికి పడిపోయింది. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, పని బాగాలేదనలేదు. ఇంకెక్కడో ఇంకొకరు ఇదే పని సగానికి చేస్తామన్నారట. కుప్ప మళ్ళీ ఇరవై ఎనిమిది వందలు, వాటాలు మాత్రం పధ్నాలుగు. తలా రెండు వందలు. అంటే చేతిమిషన్ ఒక్కటే ఉన్నప్పటికన్నా యాభై తక్కువ. నల్లకుంటకు రెండు వేలు.

ఒక ఆదివారం మా గదికి కూడా ఆ సంఖ్య కట్టాను. మిషన్ వాటా ఎవరి చేతికి పోతే వారి రాబడిగానే రాసి. మొదట్లో దశాంశం ఒకటి అయిదు. ఇప్పుడు దశాంశం అయిదు, సరిగ్గా సగం. అలవాటు ప్రకారం రెండోసారి చేశాను. ఒక్క ఊళ్ళో కూడా మేమా విద్యార్థికి అంత పెద్ద సంఖ్య ఇవ్వలేదు.

నల్లకుంటను చెడ్డవాడనుకోకండి. నేను ఆ సంఖ్య చూపిస్తే కాగితం అందుకుని తానూ ఒకసారి కూడి చూశాడు. “అనంతపురం అన్నా, నేనేం ఎత్తుకపోయిన? మీరిచ్చిన లెక్కే గదా. వడ్డీ గట్టంగ చేతుల మిగిలేది సూస్తే నీకే నవ్వొస్తది,” అన్నాడు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

అద్దాల మేడ నుంచి పర్యవేక్షణకు ఒకతను వచ్చాడు. టై కట్టుకున్న పిల్లవాడు, మర్యాదస్తుడు. మూడు మిషన్లూ చూసి, అక్క దగ్గర ఆగాడు.

“మేడమ్ ఏం చేస్తారండీ?”

“చదువుత సార్.”

“ఎవరికి?”

“గీళ్ళకే.”

“స్క్రీన్ మీద కనిపిస్తుంది కదండీ!”

అతను వెక్కిరించలేదు, నిజంగానే అర్థం కాలేదు. ఇద్దరు విడివిడిగా ఒకే కాగితం కొడితే తేడా ఉన్నచోట మిషనే ఆపుతుందట, చదివేవాళ్ళు అక్కర్లేదట. మూడు మిషన్లకు ముగ్గురు ఆపరేటర్లు కావాలి, గంటకు ఆరు వేల అక్షరాల వేగం ఉండాలి. నల్లకుంటా నేనూ ఉన్నాం. పెద్దాయన తన మిషన్‌తో మిగిలిన క్యాంపస్ పని చూసుకుంటున్నాడు. మూడో కుర్చీలో అక్క కూర్చోవాలి. లేదా వాళ్ళ మనిషి కూర్చుంటాడు.

“నేర్చుకుంట,” అంది అక్క. ఆమెకప్పుడు నలభై ఆరు.

నేర్చుకునేటప్పుడు వాటా ఉండదని అద్దాల మేడ వాళ్ళ షరతు. మేం మాలో మేం ఒక మాట అనుకున్నాం. నేర్చుకున్న వారాలకు వారానికి రెండు వందల చొప్పున, పాసైన రోజు కుప్పలోంచి ఒక్కసారే ఇవ్వాలి. నల్లకుంటే అన్నాడు ఆ మాట. అక్క భర్త ఆ వారం నుంచే కాచిగూడ స్టేషన్‌లో మూటలు మోయడానికి పోయాడు.

అక్క చేతులతో ఇబ్బంది లేదు. ఇబ్బంది నోటితో వచ్చింది. అంకె కనిపిస్తే నోరు చదివేది, నోరు చదివేదాకా వేలు ఆగేది. ఇన్నేళ్ళ వరస అది. నాలుగు వేల దగ్గరే నిలిచిపోయింది.

“నోరు మూసుకోవాలె అక్కా,” అన్నాడు నల్లకుంట.

“మా ఆయన ఇరవై ఏండ్ల సంది అదే చెప్తున్నడు. ఆయనతోనే కాలే.”

కానీ మూసుకుంది. కొంగు అంచు పళ్ళ మధ్య పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది. పదమూడు వారాలు మా గదిలో అంకె వినిపించలేదు, మీటల చప్పుడు తప్ప. పెద్దాయన ఒకరోజు చేతిమిషన్ తిప్పడం ఆపి, “గిదేం గదో, గోరీల గడ్డో సమజైతలేదు,” అన్నాడు.

పరీక్ష శనివారం పెట్టారు. టై పిల్లవాడు గడియారం పట్టుకుని వెనక నిలబడ్డాడు. అక్క కొంగు కొరుక్కుని కూర్చుంది. నేను వేళ్ళవంక చూడలేక కిటికీలోంచి తార్నాక బస్సులు చూశాను. గంట తర్వాత అతను తెరమీది సంఖ్య చదివాడు. ఆరు వేల మూడు వందలు.

పెద్దాయన తన మిషన్ పిడిని ఊరికే గిర్రున ఒక చుట్టు తిప్పాడు, గంట మోగినట్టు. నల్లకుంట మిర్చిబజ్జీలకు పరిగెత్తాడు. అక్క కొంగు వదిలి, నోరు తుడుచుకుని, “సార్, ఇగ చదువచ్చా?” అంది.

టై పిల్లవాడు నవ్వలేదు. సంచిలోంచి ఒక ఫ్యాక్స్ కాగితం తీశాడు. అది పొద్దుటి నుంచీ అతని దగ్గరే ఉంది. “ముందే చెబితే మేడమ్ చేతులు ఆడవని...” అన్నాడు. వచ్చే నెల ఒకటి నుంచి వేగం ఎనిమిది వేలకు తగ్గకూడదు. కూలి మళ్ళీ మూడో వంతు తగ్గుతుంది. వేరే దేశంలో ఒక చోట ఆ వేగంతో, ఆ ధరకు చేస్తున్నారు.

నల్లకుంట బజ్జీల పొట్లంతో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“గాడ కొట్టేది గూడ ఆడోళ్ళేనా?” అని అడిగింది అక్క.

“ఎక్కువగా వాళ్ళేనండీ.”

“ఎంతిస్తున్నరు?”

“మీకన్నా తక్కువే.”

“మాకన్నా తక్కువనా!” అంది అక్క. నాకు ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది. అందులో తన గురించి ఏమీ లేదు. “మరి ఆమె ఎట్ల బతుకుతదయ్యా?”

అతను ఫ్యాక్స్ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “అక్క వాటా ఆగొద్దు. జరం అనుకుందాం. ఎనిమిది వేలు వచ్చేదాంక జరమే.”

నల్లకుంట గోడకు ఆనుకుని మెల్లగా లెక్క చెప్పాడు. కూలి తగ్గితే కుప్ప పంతొమ్మిది వందలు కూడా ఉండదు. మూడు మిషన్ల అప్పుకు నెల నెలా కట్టాల్సింది ఇంత. “నా సొంత వాటా ఇస్త అక్కా. గని ఎన్ని రోజులు ఇయ్యగలుగుత?”

“నీ వాటా నాకెందుకురా. పని లేకుంట తీసుకున్న కూలి కడుపుల పడదు,” అంది అక్క. చెప్పులేసుకుని మెట్లు దిగింది. బజ్జీలు ఎవరూ తినలేదు.

సోమవారం మూడో కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంది. ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని వచ్చింది, గంటకు పదివేలు కొట్టేది. రెండేళ్ళ తర్వాత ఆమె వేగమూ చాలలేదని విన్నాను. నా వేళ్ళు ఏడాది నిలిచాయి. ఆ నెలాఖరుకే నల్లకుంట మిషన్లను సికింద్రాబాద్‌కు తరలించాడు, మేం జీతగాళ్ళమయ్యాం. మళ్ళీ పేపరు పరిచింది లేదు, కుప్ప పోసింది లేదు. అక్కకు పాసైన రోజు ఇస్తామన్న డబ్బు అలాగే ఉండిపోయింది.

అక్క క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో కూరగాయలు తరిగే పనికి కుదిరింది. ఒకసారి చూడబోయాను. నిశ్శబ్దంగా తరుగుతోంది. నేను డబ్బు సంగతి ఎత్తి, మొత్తం నేనే ఇచ్చేస్తానన్నాను. ఒప్పుకోలేదు.

“నీ ఒక్కని మీద ఎందుకుంటది? గది కుప్పల నుంచి రావాలె. ఎవల వాటాకు ఎంతొస్తదో లెక్కగట్టు. నీకొచ్చింది నువ్వియ్యి.”

కట్టాను. పదమూడు వారాలు, వారానికి రెండు వందలు. ఇరవై ఆరు వందలు. ఆమె నేర్చుకుంటున్న ఆ వారాల్లో కుప్పను మిగతావాళ్ళం పదమూడు వాటాలుగా పంచుకున్నాం. కాబట్టి వాటాకు రెండు వందలు పడింది. నా రెండు వందలు అక్కడే ఇచ్చాను, తీసుకుంది. పెద్దాయన తన రెండు వందలు ఇచ్చాడు. చేతిమిషన్ కూడా ఒక వాటా తిన్నది కదా అని, దాన్ని పాత ఇనుము వాడికి అమ్మి, చాలనిది జేబులోంచి వేసి, ఇంకో రెండు వందలు పంపాడు. అది ఆయన చేసిన చివరి పంపకం.

నల్లకుంట దగ్గరికి పోయాను. అప్పటికి ముప్పై మిషన్లు, అద్దాల తలుపు, బయట బోర్డు. నన్ను లోపలికి తీసుకుపోయి చాయ్ ఇచ్చాడు, అక్క ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. మనిషి వాటా రెండు వందలు వెంటనే తీసి ఇచ్చాడు.

“మిగిలినవి మూడు మిషన్లవి. తొమ్మిది వాటాలు,” అన్నాను.

“అవి కంపెనీ కిందికి పోయినయన్నా. కంపెనీ అప్పుడు లేకుండె గదా. లేని కంపెనీ ఎట్ల బాకీ పడ్తది?” అన్నాడు. తప్పించుకోవడానికి అన్నట్టు లేదు. పుస్తకాలు చూసే ఆయన్ని పిలిచి నా ముందే అడిగించాడు. అలాంటి పద్దు రాయడానికి చోటు లేదన్నాడు ఆయన.

“నా జేబులకెళ్ళి ఇస్త, తీస్కపో,” అన్నాడు నల్లకుంట. అక్క ఏమంటుందో ఇద్దరికీ తెలుసు. అయినా వెళ్ళి అడిగాను.

“మిషన్లు తిన్నది మిషన్లే ఇయ్యాలె,” అంది ఆమె, కత్తి ఆపకుండా.

ఆ మూడు కంప్యూటర్లు తర్వాత తుక్కుకు పోయాయి. వాటి స్థానంలో వచ్చినవీ పోయాయి. పని ఇంకో దేశానికి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయింది. తొమ్మిది వాటాలు, వాటాకు రెండు వందలు. రెండుసార్లు చేసి చూశాను. గోల్నాక అక్కకు రావలసింది ఈ రోజుకు పద్దెనిమిది వందల రూపాయలు.